బెంగళూరులో డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్న తెలుగువాళ్లం ఒకచోట కూర్చుందామా?

కేఆర్‌పురం నాన్న
ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పోయిన ఏడాది వాడికి డిస్లెక్సియా, అంటే చదవడం రాయడం కష్టం కావడం, దాంతో పాటు ధ్యాస, కుదురు నిలవని ఏడీహెచ్‌డీ కూడా ఉందని తేలింది. సైకాలజిస్టు వాడి చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే అడుగుతుంటే నేను చెబుతూ పోయాను. సగానికి వచ్చేసరికి నేను చెబుతున్నది వాడి గురించా, నా గురించా అని నాకే అనుమానం వచ్చింది. నాలుగు నెలలు ఆగి నేనూ చూపించుకున్నాను. నాకూ ఏడీహెచ్‌డీ ఉంది. నా వయసు 39.

ఆ సాయంత్రం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఆఫీసులో చెప్పలేను. ఊళ్లో నాన్నకు ఫోన్ చేస్తే, "నీకేం రోగంరా, ఇంజనీరింగ్ పాసయ్యావు కదా" అన్నారు. ఈ ఊళ్లో ఇంగ్లీషులో నడిచే గ్రూపులు ఉన్నాయి, ఒకదానికి వెళ్లాను. మంచివాళ్లే. కానీ ఎక్కాలు తప్పు చెప్పినందుకు బెంచీ ఎక్కి నిలబడ్డ రోజు గురించి ఇంగ్లీషులో చెబుతుంటే అది ఇంకెవరిదో కథలా ఉంది. "మట్టిబుర్ర" అన్న మాటను ఏ భాషలోకి మార్చి చెప్పను?

నెలకోసారి, ఆదివారం, రెండు గంటలు. డిస్లెక్సియా గానీ ఏడీహెచ్‌డీ గానీ ఉన్న పెద్దవాళ్లు, ఉన్న పిల్లల అమ్మానాన్నలు. తెలుగులో మాట్లాడుకోవడం, అంతే. ఎవరైనా వస్తారా?

మడివాళ అమ్మ
సోమవారం, ఉదయం 6:05

అన్నా, నేను వస్తాను. మా పాపకు పన్నెండేళ్లు. అల్లరి చెయ్యదు, ఎగరదు, దూకదు. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంటుంది. ఆరేళ్లపాటు రిపోర్టు కార్డులో "నెమ్మదస్తురాలు" అని రాస్తుంటే మేమూ సంబరపడ్డాం. ఏడీహెచ్‌డీ అంటే కాలు నిలవని మగపిల్లల సంగతే అనుకున్నాం. కుదురుగా కూర్చునే ఉంటారు, ధ్యాస మాత్రం నిలవదు, అలాంటి రకం కూడా ఉందని, ఆడపిల్లల్లో అది చాలాసార్లు ఎవరి కంటా పడదని ఈ సంవత్సరమే తెలిసింది. ఆరేళ్లు దాన్ని తిట్టాను. "చెవుడా నీకు?" అని ఎన్నిసార్లు అన్నానో. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఎక్కడ కలుద్దాం? సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ అంటే నాకు టెన్షన్.

నిదానం
సోమవారం, రాత్రి 9:48

నాకు 27. డిస్లెక్సియా. ఇంటీరియర్ పనుల దగ్గర సూపర్‌వైజర్‌ని. గదిలోకి అడుగు పెడితే ఎంత ప్లైవుడ్ పడుతుందో చెప్పేస్తాను. కొటేషన్ కాగితం చేతికిచ్చి అందరి ముందు చదవమంటే చెమటలు పడతాయి.

ఇదివరకు ఒక గ్రూపులో చేర్చారు. చేరిన వెంటనే నిబంధనలు పంపారు. ఫోన్ తెర నాలుగుసార్లు జరిపినా అయిపోలేదు. అవి చదవలేక బయటికి వచ్చేశాను. ఎందుకు వెళ్లిపోయావని ఎవరూ అడగలేదు.

మీరు పెడితే ఇలా పెట్టండి అన్నా. ఏ విషయమైనా మూడు లైన్లకు మించొద్దు. మించితే వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చినవాళ్లకు ఫారం ఇవ్వొద్దు. ఎవరినీ దేన్నీ చదవమనొద్దు, పేరు రాయమని కూడా అనొద్దు. ఇవి ఉంటే వస్తాను.

కేఆర్‌పురం నాన్న
సోమవారం, రాత్రి 10:30

తమ్ముడూ, నీవు చెప్పినవే మన నిబంధనలు. వేరేవి అక్కర్లేదు.

గుణింతం
మంగళవారం, మధ్యాహ్నం 2:15

చదువులో ఇబ్బందిపడే పిల్లలకు విడిగా నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని నేను. 14 ఏళ్లుగా ఇదే పని. నిదానం గారు చెప్పింది ఎంత సబబో చెప్పడానికే రాస్తున్నాను.

డిస్లెక్సియా కంటి జబ్బు కాదు, తెలివితక్కువా కాదు. వినే ధ్వనికీ రాసిన అక్షరానికీ మధ్య ముడి గట్టిగా పడదు, చిక్కంతా అక్కడ. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు డాక్టరు పద్నాలుగేళ్ల పిల్లాడొకడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. మిగతా అన్నిట్లో చురుకే, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే ముందుంటాడని వాడి మాస్టారు అన్నాడట. నూట పాతికేళ్లు దాటాయి. ఈ మధ్యే ఒక స్కూల్లో ఒక టీచరు నాతో దాదాపు అదే మాట అన్నారు.

ఇంగ్లీషులో అక్షరం ఒకటి, పలికేది ఇంకొకటి. అందుకని పిల్లలు ఇంగ్లీషులో ముందు దొరికిపోతారు. తెలుగు, కన్నడం రాసినట్టే చదువుతాం కాబట్టి అక్కడ తప్పులు తక్కువ, కానీ నడక మందం. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతారు. పెద్దలు మాత్రం "చదువుతున్నాడుగా, కాస్త నిదానం" అని వదిలేస్తారు.

బెంగళూరు తెలుగు పిల్లలకు ఇంకో ముడి ఉంది. ఇంట్లో తెలుగు మాట, బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. మూడు లిపులు. సెలవుల్లో తాతగారింటికి వెళితే నాలుగోది. గ, ద, న, బ లాంటివి తెలుగులోనూ కన్నడంలోనూ అన్నదమ్ముల్లా ఉంటాయి. క, త, శ దగ్గరికి వచ్చేసరికి దారులు మారిపోతాయి. నా దగ్గరికి వచ్చే ఒక పాప కన్నడం నోట్సులో అడ్డగీత తలకట్టు పెట్టాల్సిన చోట తెలుగు తలకట్టు పెట్టేది. ప్రతి పేజీలో దానికి ఎర్ర సున్నా. ఆ పిల్ల చేసింది తప్పు కాదు, రెండు లిపులను ఒక్క చేత్తో మొయ్యడం. ఈ సంగతి తెలుగు తెలిసిన టీచరుకే కనిపిస్తుంది. మన గ్రూపు తెలుగులో ఉండాలనడానికి నాకు ఇదొక్కటి చాలు.

హోసూరు తాత
బుధవారం, ఉదయం 7:30

బాబూ, నేను 64 ఏళ్ల వాణ్ణి, మీరు కోప్పడనంటే ఒక మాట. మా మనవడికి కూడా ఇదే అన్నారు. పిల్లవాడి నుదుట ఒక పేరు రాసేస్తే రేపు పెళ్లికి, ఉద్యోగానికి అడ్డు రాదా? మా రోజుల్లో ఇలాంటి పిల్లలు లేరా? ఏదో ఒక పనిలో పడి బాగుపడ్డారు. నలుగురిలో కూర్చుని చెప్పుకుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని నా భయం. ప్రేమతోనే అడుగుతున్నాను.

రాత్రి షిఫ్ట్
బుధవారం, ఉదయం 8:10

తాతగారూ, కోపమేమీ లేదు. నాకు పేరు దొరకక ముందు నుదుట రాత లేదనుకోకండి. సోమరి, పొగరు, బాధ్యత లేనివాడు. మూడు రాసిపెట్టారు. ఏడీహెచ్‌డీ అని తెలిశాక ఆ మూడూ చెరిగాయి. మీ రోజుల్లో బాగుపడ్డవాళ్లు మీకు గుర్తున్నారు. ఏడో తరగతిలో బడి మానేసినవాళ్ల లెక్క ఎవరూ పెట్టలేదు. మా మేనమామ వాళ్లలో ఒకడు.

హోసూరు తాత
బుధవారం, ఉదయం 9:02

నిజమే నాయనా. మా తమ్ముడొకడు అలాగే మానేశాడు. ఇన్నేళ్లూ వాణ్ణి నేను మొద్దు అనే అనుకున్నాను.

జయనగర్ నాలుగో బ్లాక్
బుధవారం, రాత్రి 10:00

పరీక్షల్లో వెసులుబాటు కోసం తీసుకునే వైకల్య సర్టిఫికెట్ సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి తెలిసింది చెబుతాను. మా అబ్బాయి సీబీఎస్‌ఈ పదో తరగతి ఈ దారిలోనే దాటాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు గుర్తించారు, అందులో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఇది తెలియక ఏడీహెచ్‌డీ కాగితం ఒక్కటే పట్టుకుని తిరిగి అలసిపోయినవాళ్లను చూశాను. రెండూ ఉన్న పిల్లలైతే అభ్యసన సమస్యకు విడిగా పరీక్ష చేయించాలి. మన దగ్గర ఎక్కువగా వాడే పరీక్ష తయారైంది ఈ ఊళ్లోనే, హోసూరు రోడ్డు మీది మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో. బయట చేయించుకుంటే ఆ క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగండి. అడిగితే మొహం మాడ్చుకునే చోట చేయించొద్దు.

సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. రాసిపెట్టే మనిషిని ఇస్తారు. మూడో భాష నుంచి మినహాయింపు ఉంది. మా వాడు చెప్పినది రాసిపెట్టిన అమ్మాయి తొమ్మిదో తరగతి పిల్ల. సోషల్ పరీక్షయ్యి బయటికొచ్చి వాడు అన్న మొదటి మాట, "అమ్మా, నాకు ఇన్ని విషయాలు తెలుసని నాకే తెలియదు."

కేఆర్‌పురం నాన్న
గురువారం, రాత్రి 11:45

నిన్న ఇక్కడ ఒకాయన 40 రోజుల్లో ఏడీహెచ్‌డీ మాయం చేసే పొడి అంటూ లింకు పెట్టారు. తీసేయించాను. ఇక ముందు కూడా తీసేయిస్తాం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కబ్బన్ పార్కు. పర్పుల్ లైన్ మెట్రో మీద స్టేషన్ ఉంది కాబట్టి వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లకు ఒకే రైలు. లైబ్రరీ ముందు కలుద్దామనుకున్నాను, కానీ ఒకరు నాకు విడిగా వాయిస్ పంపారు. లైబ్రరీ భవనం చూస్తే చిన్నప్పటి నుంచి గుండె దడ అట. కాబట్టి వెదురు పొదల దగ్గర. నేను స్టేషన్‌లో టికెట్ గేట్లు దాటిన చోట నిలబడతాను. దారి చదువుకుంటూ రావాల్సిన పని లేదు.

గుణింతం
శుక్రవారం, ఉదయం 10:20

లింకు తీసేయించడం మంచిదైంది. డిస్లెక్సియాకు మందు లేదు. ధ్వనుల నుంచి అక్షరాలకు, అక్షరాల నుంచి మాటలకు ఒక క్రమంలో, ఓపికగా, మళ్లీ మళ్లీ నేర్పడమే దారి. ఏడీహెచ్‌డీకి మందులున్నాయి, మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ లాంటివి. అవి డాక్టరు రాసి, చూస్తూ ఉండాల్సినవి. మన దగ్గర "నాకు పనిచేసింది" అనొచ్చు. "నువ్వూ ఇంత వేసుకో" అనకూడదు.

మడివాళ అమ్మ
ఆదివారం, సాయంత్రం 4:30

ఇప్పుడే ఇంటికొచ్చాం. పదకొండు మందిమి అయ్యాం, పిల్లలు నలుగురు. రాలేనివాళ్ల కోసం రాస్తున్నాను.

మొదట చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. జయనగర్ అక్క పులిహోర డబ్బా తెరిచాక కాస్త సర్దుకున్నాం. నిదానం తమ్ముడు కింద పడ్డ ఆకులు ఏరి, మా పాపకు వెదురు పుల్లలతో ఒక చిన్న ఇల్లు కట్టి చూపించాడు. నేల మీద గీత గీసి, "ఇక్కడ తలుపు పెడితే గాలి ఎటు నుంచి వస్తుంది?" అని అడిగాడు. బడిలో ప్రశ్న వేస్తే బిగుసుకుపోయే పిల్ల, వేలు తడి చేసుకుని గాల్లో పెట్టి చూసి జవాబు చెప్పింది. అది నేను మరిచిపోలేను.

ఒక ఇబ్బంది కూడా జరిగింది. అది రాత్రి షిఫ్ట్ తమ్ముడే చెబితే బాగుంటుంది.

రాత్రి షిఫ్ట్
ఆదివారం, రాత్రి 9:15

చెబుతాను అక్కా. ఎవరి మీదా నింద కాదు.

తల్లిదండ్రులు మాట్లాడేటప్పుడు "వీడితో పడలేకపోతున్నాం", "వీడి వల్ల ఇంట్లో మనశ్శాంతి లేదు" అన్నారు. అలసట నాకు అర్థమవుతుంది. కానీ ఆ "వీడు" పక్కనే కూర్చుని పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాడు. నాకు 31 ఏళ్లు. ఆ మాట వినగానే ఎనిమిదేళ్ల వాణ్ణయిపోయాను. మా ఇంటి వంటగది తలుపు వెనక నిలబడి మా అమ్మ పిన్నితో అదే మాట అంటుంటే విన్నాను. లేచి కాసేపు దూరంగా నడిచింది అందుకే.

అమ్మానాన్నల బాధ చెప్పుకోవడానికి చోటు ఉండాలి. మాకూ ఉండాలి. రెండూ ఒకే చాప మీద, ఒకే గంటలో కుదరవు.

కేఆర్‌పురం నాన్న
ఆదివారం, రాత్రి 10:50

ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నాకూ ఏడీహెచ్‌డీ ఉండి, మా వాడి ముందే అన్నాను. క్షమించు తమ్ముడూ. ఇంటికొచ్చాక వాడికీ చెప్పాను.

వచ్చే నెల నుంచి మొదటి గంట విడివిడిగా. పెద్దవాళ్లు ఒకవైపు, తల్లిదండ్రులు ఇంకోవైపు, పిల్లలు నిదానంతో. రెండో గంట అందరం కలిసి. పిల్లలు ఉన్న చోట పిల్లల గురించి వాళ్లు లేనట్టు మాట్లాడొద్దు.

జయనగర్ నాలుగో బ్లాక్
ఐదు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఈ రోజు నేను, గుణింతం గారు, ఇంకొక కుటుంబం మాత్రమే వచ్చాం. 10 నుంచి 11 వరకు గేటు దగ్గర చూశాం. కేఆర్‌పురం అన్నా, అంతా క్షేమమే కదా? ఫోన్ తియ్యలేదు.

కేఆర్‌పురం నాన్న
ఆదివారం, రాత్రి 8:20

క్షేమమే. తేదీ మర్చిపోయాను. శనివారం అందరికీ గుర్తుచేయాల్సింది నేనే, అదీ మర్చిపోయాను. పొద్దున మీ మిస్డ్ కాల్స్ చూసి, సిగ్గుతో తిరిగి చేయలేకపోయాను. నా జీవితంలో చాలా పనులు ఇలాగే ఆగిపోయాయి. మొదట్లో రాత్రిళ్లు నిద్ర మానుకుని చేస్తాను, తర్వాత ఒక్క తప్పు జరుగుతుంది, ఆ సిగ్గుతో అటువైపే వెళ్లను. ఇది అలా కాకూడదని ఈ రాత్రే రాస్తున్నాను.

గుణింతం
ఆదివారం, రాత్రి 8:45

మీరు రాశారు చూడండి, చాలామంది ఆగిపోయేది అక్కడే. తప్పు మీది కాదు, ఏర్పాటుది. గుర్తుపెట్టుకోవడమే కష్టమైన మనిషి జ్ఞాపకం మీద గ్రూపంతా వేలాడకూడదు. తేదీ మారుతూ ఉంటే ఎవరికైనా గుర్తుండదు. ప్రతి నెలా రెండో ఆదివారం, పది గంటలు, వెదురు పొదలు. ఎవరు వచ్చినా రాకపోయినా అంతే. శుక్రవారం ఒక వాయిస్, ఆదివారం ఉదయం 8కి ఇంకొకటి. అవి నేను పంపుతాను. గేటు దగ్గర ప్రతిసారీ ఇద్దరు ఉండాలి, ఒకరు కాదు.

మడివాళ అమ్మ
ఆదివారం, రాత్రి 9:10

గేటు దగ్గర రెండో మనిషిని నేను. ఇక ట్రాఫిక్ సంగతి నేను చూసుకుంటాను.

రాత్రి షిఫ్ట్
మంగళవారం, ఉదయం 11:00

ఇంకో ఆలోచన. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుంటేనే హోంవర్క్ అయ్యేది. ఆవిడ చెప్పేదేమీ ఉండదు, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చునేది. లేచి వెళితే నా పెన్ను ఆగిపోయేది. ఇప్పటికీ అంతే. దీన్ని ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ప్రపంచమంతా వాడుకుంటున్నారు, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం. బుధవారం రాత్రి 9 నుంచి 10 వరకు వీడియో కాల్ పెడతాను. మాటలు లేవు. ఆగిపోయిన పని ఒకటి తెచ్చుకోండి. "తోడు గంట" అందాం.

నిదానం
బుధవారం, రాత్రి 10:12

తోడు గంటలో ఏడు నెలలుగా పక్కన పెట్టిన బ్యాంకు ఫారం నింపాను. ఫోన్‌లో చదివించుకుని విని, నింపాను. గుణింతం మేడం మధ్యలో రెండు మాటలకు అర్థం చెప్పారు. ఆరుగురం ఉన్నాం. ఎవరూ నన్ను చూడలేదు, కానీ అందరూ ఉన్నారు.

హోసూరు తాత
గురువారం, ఉదయం 7:15

సంఘంగా రిజిస్టర్ చేయించరాదా? కర్ణాటక సొసైటీల చట్టం, 1960 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. నేను సర్వీసులో ఉన్నప్పుడు అలాంటి కాగితాలు చూశాను, సాయం చేస్తాను.

జయనగర్ నాలుగో బ్లాక్
గురువారం, ఉదయం 9:40

తాతగారూ, ఎప్పటికైనా మీ మాటకే వస్తాం, కానీ ఇప్పుడే వద్దని నా ఉద్దేశం. రిజిస్టర్ చేస్తే లెక్కలు, మీటింగు మినిట్స్ రాయడం, ఏటా సమావేశం, ఆడిట్. మనలో సగం మందిని బతుకంతా ఏడిపించినవి అవే కదా. ఒక సంవత్సరం రెండో ఆదివారాలు తప్పకుండా జరగనివ్వండి. ఈలోగా మీరు రండి, మీ తమ్ముడి గురించి మాకు చెప్పండి.

కొత్తగా చేరాను
శుక్రవారం, రాత్రి 1:30

ఇది నేను టైప్ చేయడం లేదు ఫోన్‌కి చెబుతున్నాను తప్పులు ఉంటే ఏమీ అనుకోవద్దు. మీరు రాసినవన్నీ కూడా ఫోనే చదివి వినిపించింది రెండు రాత్రులు పట్టింది. నాకు 45 సంవత్సరాలు బొమ్మసంద్ర దగ్గర కంపెనీలో పని చేస్తాను. నాకు ఏముందో ఏ డాక్టరూ చెప్పలేదు నేను ఎప్పుడూ చూపించుకోలేదు. చదవడం సరిగా రాదని మా ఆవిడకు కూడా తెలియదు కళ్లజోడు మర్చిపోయానని చెబుతాను. కాగితం లేకపోయినా రావచ్చా. అక్కడ ఏదీ చదవమనరు కదా.

నిదానం
శుక్రవారం, ఉదయం 5:50

రావచ్చు అన్నా. ఏదీ చదవమనరు. మీకు విడిగా వాయిస్ కూడా పంపాను.

రెండో ఆదివారం, పది గంటలు. కబ్బన్ పార్కు మెట్రో, టికెట్ గేట్లు దాటగానే. మడివాళ అక్క చేతిలో ఎర్ర గొడుగు ఉంటుంది. ఆ పక్కన నేనుంటాను.